చీటీ లేని మూడు సంచులు

మార్చి 19

ఇవాళ మంచం దిగాను. జ్వరం పోయింది, జలుబు కాస్త మిగిలింది. జాల్కా చేసిన కోడిపులుసు తాగాను. ఉప్పు తప్ప అందులో ఏమీ లేదు. నా కూతురికి బీరులో వేసే హాప్స్ పూల తోటలో పనంతా నేర్పాను, వంట నేర్పడం మాత్రం నా వల్ల కాలేదు.

ఎగువ తోట తీసెయ్యాల్సిందేనని తేలింది. వేరు తెగులు సగం దాకా పాకింది. స్తంభాలూ పైన కట్టిన ఇనుపతీగలూ ఉంచి దుబ్బులన్నీ పెకలించాలి. వచ్చే వసంతానికి కొత్త మొక్కలు నాటాలి. ఏ రకం నాటాలన్నదే గొడవ. నేను అవురోరా అన్నాను. జాల్కా వోల్ఫ్ అంది. మా ఆయన లుడ్విక్ గోల్డింగ్ అన్నాడు, వాళ్లమ్మ నాటింది గోల్డింగ్ కాబట్టి. ఆయన్ని ఎవరూ అడగలేదు.

"వోల్ఫ్‌లో మామిడిపండు వాసన వస్తుందమ్మా. ఇప్పుడందరూ దాన్నే అడుగుతున్నారు."

"ఈ లోయలో మామిడిచెట్టు ఎక్కడ చూశావే? మనం కాసేది బీరా, పళ్లరసమా?"

"ఒకసారి నాటితే పదిహేనేళ్లుంటుంది ఆ తోట. ఆ పదిహేనేళ్లూ అందులో పడి చచ్చేది నేను. నువ్వు కాదు."

తల్లితో మాట్లాడే తీరా ఇది? కోపం వచ్చింది. కానీ బల్ల మీద మోచేతులానించి అలా నిలదీస్తుంటే ముచ్చటేసింది కూడా. అచ్చం నేనే.

చివరికి బీరునే తేల్చమన్నాం. మూడు రకాలతో మూడు బీర్లు నేను కాస్తాను. మాల్టు ఒకటే, ఈస్టు ఒకటే, నీళ్లు మా బావివే. హాప్స్ ఒక్కటే వేరు. కోత అయిపోయి చివరి తీగ దింపిన రోజు పనివాళ్లకి విందు పెడతాం కదా, ఆ లికోఫ్ రోజు పేర్లు చెప్పకుండా మూడూ పోస్తాం. తలా ఒక చిక్కుడుగింజ. ఏ కూజా ముందు ఎక్కువ గింజలు పడితే ఆ రకం నాటతాం. ఆఖరున పేర్లు నేను చెబుతాను.

"నువ్వు కాసే గది వైపు నేను రాను," అంది జాల్కా. "తర్వాత నా మీద పడి ఏడవకు."

ఓడిపోయేది తనేనని పాపం దానికి తెలియదు.

ఏప్రిల్ 7

జలుబు ఇంకా వదల్లేదు.

ఏప్రిల్ 21

కొట్టువాడు కాఫీ మార్చాడు. గోరువెచ్చని బురదనీళ్లు. వెళ్లి దులిపేసి వచ్చాను. అదే కాఫీ అంటాడు. వాడి మొహం.

మే 12

మా ఆయన పైపులోకి పొగాకు మార్చినట్టున్నాడు. పక్కనే కూర్చుని ఊదుతున్నా కంపు కొట్టడం లేదు. ఇన్నాళ్లకి బుద్ధి వచ్చిందని మెచ్చుకున్నాను. ఆయన నన్ను వింతగా చూసి బయటికి వెళ్లిపోయాడు.

జూన్ 9

ఈ ఏడు లిండెన్ పూలకి వాసన లేదు. వానలు సరిగ్గా లేక.

జూన్ 14

మొదటి బీరు రేపు కాయాలని నేలమాళిగలోంచి సంచులు పైకి తెచ్చాను.

మూడు గుడ్డసంచులు. మా ఎగువ తోట గోల్డింగ్, మా దిగువ తోట అవురోరా, జాల్కా తన స్నేహితురాలి తోట నుంచి తెచ్చిన వోల్ఫ్. కిందటి శరదృతువులో ఎండిన పూలన్నీ నేనే చేతిమరలో విసిరాను. మా అత్తగారి పద్ధతి అది. పూలుగా ఉంటే ఏ రకమో కంటితోనే చెప్పొచ్చు. విసిరాక మూడూ పచ్చటి పొడే.

చీటీలు లేవు. నేనెప్పుడూ అంటించలేదు. పోయినేడు జాల్కా కలం పట్టుకుని వస్తే నవ్వి పంపించేశాను. చీటీలు ముక్కు లేనివాళ్లకి. ఈ లోయలో బ్రస్లోవ్‌చె నుంచి పొల్జెలా దాకా ఏ ఊళ్లోనైనా అడగండి, చిటికెడు అరచేతిలో వేసి నలిపితే రకం ఏదో, ఆరబెట్టినప్పుడు గాలి ఎటునుంచి వీచిందో కూడా ఈ ఫానిక చెబుతుందంటారు. గాలి మాట వాళ్లు కల్పించింది. మిగిలింది నిజం.

ఇవాళ మొదటి సంచిలోంచి చిటికెడు తీసి నలిపాను. ఏమీ లేదు. రెండోది. మూడోది. మళ్లీ మొదటిది. చేతులు కడుక్కుని మళ్లీ. అరచేతులకి జిగురంటుకుంది, పచ్చగా, నూనె మెరుపుతో. హాప్స్ బాగున్నాయి.

నాకు వాసన తెలియడం లేదు. జ్వరం వచ్చినప్పటి నుంచీ తెలియడం లేదు.

జూన్ 15

నిన్న రాసింది తొందరపాటు. జలుబు ముదిరింది, అంతే. మందుల దుకాణంలో చుక్కలమందు తెచ్చుకున్నాను. బీరు వచ్చే వారం.

జూన్ 23

చుక్కలయ్యాయి. ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కళ్లలోంచి నీళ్లొచ్చాయి. వాసన రాలేదు.

నాలుక మాత్రం పనిచేస్తోంది. చేదు, పులుపు, ఉప్పు తెలుస్తున్నాయి. మూడు సంచుల్లోంచీ చిటికెడు చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. ఒకటి మెత్తటి చేదు, అది గోల్డింగ్, అనుమానమే లేదు. మిగతా రెండూ నోరు వంకర తిరిగేంత చేదు. ఒకటి అవురోరా, ఒకటి వోల్ఫ్. ఏది ఏదో తెలియదు. మా అమ్మాకూతుళ్ల పందెమంతా ఆ రెంటి మీదే.

నిమ్మగడ్డి, పైన్ జిగురు. అది అవురోరా. కళ్లు మూసుకుంటే జ్ఞాపకం ఉంది. సంచిలో తల పెడితే లేదు.

జూన్ 24

ఒక్కరిని అడిగితే చాలు. సంచి ముక్కు దగ్గర పెట్టి ఇది ఏమిటి అంటే చాలు.

ఎవరిని? మా ఆయన పైపు పొగలో నలభై ఏళ్లుగా ఉడుకుతున్నాడు, ఆయన ముక్కుకి వెల్లుల్లికీ గులాబీకీ తేడా తెలియదు. జాల్కాని అడిగితే ఆ నిమిషంతో ఎగువ తోట దానిదే అయిపోతుంది. ముక్కు లేని దాని మాట ఎవరు వింటారు? కొత్త పొడి తెచ్చుకుందామా అంటే అవురోరా అంతా చలికాలంలోనే అమ్మేశాం. వోల్ఫ్ కావాలంటే మళ్లీ జాల్కానే అడగాలి, ఇచ్చిందంతా ఏం చేశావంటుంది.

మరిది ఉన్నాడు. ఫ్రాన్చెక్. మా ఆయన తమ్ముడు, రోడ్డవతల ఇల్లు. తన ముక్కూ నా ముక్కుకి తీసిపోదని ఊరంతా చెప్పుకు తిరిగే మనిషి. వాడినా అడగడం? ప్రాణం పోయినా అడగను.

జూన్ 26

అడగలేదు. సవాలు చేశాను. అది వేరు.

రెండు సంచుల్లో ఒకదాంట్లోంచి కాస్త రుమాల్లో కట్టుకుని వెళ్లాను. వాడు ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు.

"ఏం మరిదీ, నీ ముక్కు ఇంకా ఉందా, తుప్పు పట్టిందా?"

"నీదానికంటే బాగానే ఉంది వదినా. ఏం తెచ్చావు?"

"చెప్పు చూద్దాం."

నూనె చేతులు ప్యాంటుకి తుడుచుకుని నలిపాడు, వాసన చూశాడు, కళ్లు మూశాడు, ఆకాశం చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"అవురోరా," అన్నాడు చివరికి, సాగదీస్తూ.

"ఇది కూడా చెప్పలేకపోతే నువ్వు హాప్స్ తోట అమ్మేసి గొర్రెలు కాసుకోవాలి," అని గంభీరంగా వచ్చేశాను. దారి పొడుగునా నవ్వుకున్నాను. ఈ తెలివి ఎవరికుంటుంది?

జూన్ 27

ఒకసారి సరిచూసుకుందామని అదే సంచిలోంచి మళ్లీ తీసుకెళ్లాను.

"ఇది నిన్నటిలాంటి తేలిక సరుకు కాదు మరిదీ. జాగ్రత్త."

వాడు నలిపాడు. నా మొహం చూశాడు.

"వోల్ఫ్," అన్నాడు. "అంత సులువుగా దొరుకుతానా?"

ఒకే సంచి. వాడి ముక్కు కాలిపోను.

జూలై 3

మూడూ కాసేశాను. సంచి మూతికి కట్టిన దారమే ఆ బీరు గాజుజాడీకీ కట్టాను. గోల్డింగ్‌కి తెల్లదారం. తెలియని రెంటిలో ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి నల్లదారం. పేర్లు తర్వాత చూసుకోవచ్చు. ఇంకా బోలెడు సమయముంది, ఈలోగా ముక్కు వచ్చేస్తుంది.

నల్లదారం కాస్తున్నప్పుడు ఫ్రాన్చెక్ కిటికీ దగ్గరకొచ్చి మొన్నటి రెండోది వోల్ఫేనా కాదా అని పట్టుకున్నాడు. కుండ పొయ్యి మీద ఉండిపోయింది. నేనెప్పుడూ గడియారం చూసి దించను. ఆఖరి పిడికెడు వేశాక వాసన ఒక్కసారి తిరుగుతుంది, పచ్చిది పోయి పువ్వు తేలుతుంది. అప్పుడు దించుతాను. ఈసారి ఏదో ఒక ఉజ్జాయింపుగా దించాను. బాగానే వచ్చి ఉంటుంది.

జూలై 20

జాడీల దగ్గర కూర్చున్నాను. నురగ చక్కగా నిలుస్తోంది, రంగు బంగారం. చూడ్డానికి ఇంత అందమైన బీరు నేనెప్పుడూ కాయలేదు.

ఆగస్టు 2

ఒక ఆలోచన వచ్చింది. ఏది గెలిచినా అవురోరా అంటే సరి. పేర్లు చెప్పేది నేనే కదా.

రాసి చూసుకుంటే అసహ్యంగా ఉంది. కానీ కొట్టెయ్యను. అసలది అవురోరాయే కావచ్చు కదా.

ఆగస్టు 19

కోత మొదలైంది. ఇవాళ తొలి సరుకు ఆరబెట్టే కొట్టులో పోశారు. కిందనుంచి వేడిగాలి, పైన పచ్చటి పూలు మోకాలెత్తు. పనివాళ్లు ఒక్కొక్కరే తలుపు దాకా వచ్చి, గుండెల నిండా పీల్చి, అబ్బా అంటున్నారు. ఏటా ఈ రోజు ఆ తలుపు దగ్గర నేను నిలబడాలి, పీల్చి, ఈ ఏడు పంట ఎలా ఉందో చెప్పాలి. అప్పుడుగానీ పని ముందుకు కదలదు.

నిలబడ్డాను. పీల్చాను. వేడి తెలిసింది. దుమ్ము తెలిసింది.

"కిందటేటికంటే బాగుంది," అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత స్నానాలగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి ఏడ్చాను. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన ఏడు ఇదే కొట్టులో ఈ వాసనకి నాకు కళ్లు తిరిగాయి. ఈ ఊళ్లో నా మనసు కుదిరింది ఆ రోజే. ఆ వాసన నాకింక లేదు. ఇది జలుబు కాదు. ఇంతకంటే దాపరికం లేకుండా రాయలేను.

మా ఆయన తలుపు కొట్టాడు. "ఫానికా, పాలు మాడాయి. ఇల్లంతా పొగ. తెలియలేదా?"

"నీ పైపు కంపులో ఏం తెలుస్తుంది?" అని లోపలి నుంచే అరిచాను.

"పైపు మానేసి నెలయింది," అన్నాడు.

ఆగస్టు 30

మా ఆయన ఏమీ అడగడు. పాలు పొయ్యి మీద పెట్టగానే ఎక్కడి నుంచో వచ్చి పక్కన నిలబడతాడు.

సెప్టెంబరు 7

నిన్న లికోఫ్ జరిగింది. అంతా రాస్తాను.

చివరి తీగని పూలదండలా ట్రాక్టరు ముందు కట్టి, హారన్ కొట్టుకుంటూ మధ్యాహ్నానికి అందరూ పెరట్లోకి వచ్చారు. అకార్డియన్, సాసేజీలు, పుల్లక్యాబేజీ, జున్ను కుక్కి ఉడికించిన ష్ట్రుక్లి పిండిచుట్టలు. పొడుగుబల్ల మీద మూడు కూజాలు పెట్టాను, పిడులకి దారాలు. తలా మూడు గ్లాసులు, తలా ఒక చిక్కుడుగింజ. జాల్కా అందరితో పాటే తాగింది. ఒక్కో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంచింది. దాని మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. ఆ బిగువు కూడా నాదే.

తెల్లదారం ముందు ముసలివాళ్ల గింజలు పడ్డాయి. నల్లదారం ముందు ఏవో కొన్ని. ఎర్రదారం ముందు కుప్ప.

"ఎర్రది గెలిచింది!" అని ఫ్రాన్చెక్ బల్ల గుద్దాడు. "చెప్పు వదినా, ఏమిటది? నాకు తెలుసనుకో. నీ నోటితో చెప్పు."

అకార్డియన్ ఆగింది. అందరూ నా వైపు తిరిగారు. అవురోరా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే అయిపోయేది. ఎదురుగా జాల్కా ఉంది. ఎండకి కాలిన చేతులు, తీగలకి కోసుకుపోయిన గీతలు, గోళ్లలో హాప్స్ జిగురు. పదిహేనేళ్లు ఆ తోటలో ఉండబోయేది ఆ చేతులు. నేను నోటికొచ్చిన పేరు చెబితే వాటికి ఒక తప్పుడు తోట అంటగట్టినట్టే.

"నాకు తెలియదు," అన్నాను.

ఎవరో నవ్వారు. వేళాకోళమనుకున్నారు.

"నిజంగానే తెలియదు. జ్వరం వచ్చినప్పటి నుంచి నాకు వాసన తెలియడం లేదు. తెల్లది గోల్డింగ్, అది నాలుకతో పట్టాను. ఎర్రదీ నల్లదీ ఏది ఏదో తెలియకుండానే కాశాను. మొన్న కొట్టు దగ్గర పంట బాగుందని చెప్పింది కూడా ఊరికే. వాసన తెలిసి కాదు."

ఇంత పొడుగు మాట నేను తల దించుకుని ఎప్పుడూ మాట్లాడలేదు. అప్పుడు కూడా దించలేదు. అది చెప్పుకోవాలి.

ఫ్రాన్చెక్ నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"వదినా, వాసన నాకెప్పుడు తెలిసింది గనక! చిన్నప్పుడు ముక్కు విరిగింది కదా, ఆ రోజే పోయింది. ఇన్నేళ్లూ నీ మొహం చూసి చెబుతున్నాను. నువ్వు కనుబొమ్మ ఎత్తితే అవురోరా, పెదవి బిగిస్తే గోల్డింగ్. ఈ ఏడే నీ మొహంలో ఏమీ కనపడక చచ్చాను!"

పెరడంతా గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు. కాసేపటికి వచ్చింది.

జాల్కా మాత్రం నవ్వలేదు. ఎర్రదారం గ్లాసు మళ్లీ తీసుకుంది. దారం కట్టిన సంచి తెమ్మంది. తెచ్చాను. చిటికెడు అరచేతిలో వేసుకుని నలిపింది, నాలాగే, బొటనవేలితో గుండ్రంగా. ముక్కు దగ్గర పెట్టుకుంది. నల్లసంచిదీ చూసింది. ఎర్రదాన్ని జాల్కా వోల్ఫ్ అంటే వోల్ఫే. కాదనడానికి ఆ పెరట్లో ఎవరికీ హక్కు లేదు, అందరికంటే ముందు నాకు.

"ఎర్రది అవురోరా," అంది. "నీదేనమ్మా గెలిచింది."

నాకు ఒళ్లు మండింది. "జాలిపడి చెబుతున్నావా? ముక్కు పోయిందని దానం చేస్తున్నావా?"

"జాలా?" గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. "పదిహేనేళ్ల తోట జాలిపడి ఎవరిస్తారే అమ్మా? నాకేమైనా పిచ్చా? నిమ్మగడ్డి, పైన్ జిగురు. ఇది అవురోరా. నల్లది నా వోల్ఫ్. దాన్ని నువ్వు మరగబెట్టి మరగబెట్టి చంపేశావు. సంచిలో మామిడిపండు గుప్పుమంటోంది, గ్లాసులో ఉడికించిన క్యాబేజీ. ఎంతసేపుంచావు పొయ్యి మీద?"

"మీ బాబాయి కిటికీ దగ్గరకొచ్చి కబుర్లు పెట్టాడు."

"నా మీదకి తొయ్యకు!" అన్నాడు ఫ్రాన్చెక్.

"అయితే ఈ ఓటు చెల్లదు," అన్నాను. "నీ వోల్ఫ్‌ని నేనే పాడుచేశాను. ఎగువ తోటకి అదే వేసుకో."

"ఓటంటే ఓటే. అందరూ గింజ వేశారు. ఎగువ తోటకి అవురోరా. దిగువ తోట కూడా రెండు మూడేళ్లలో తియ్యాలి కదా, అప్పుడు మళ్లీ పందెం వేద్దాం. ఆ బీరు నేను కాస్తాను. నువ్వా గది వైపు రాకు."

అని ష్ట్రుక్లి పళ్లెం ముందుకి లాక్కుంది.

నా కూతురు. ఇరవై మంది ముందు, అబద్ధమాడినా రకం పట్టగల ముక్కు ఇంకొకటి లేని చోట, తనకి నష్టమని తెలిసి నిజం చెప్పింది. నా బతుకులో ఎన్ని రకాలు సరిగ్గా చెప్పానో లెక్కలేదు. అలా నష్టపోతూ ఒక్కటి కూడా చెప్పాల్సి రాలేదు నాకు. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇవాళ పుస్తకం తెరిచాను.

సాసేజీలు మూడు తిన్నాను. రుచేమీ లేదు. చాలా బాగున్నాయి.

సెప్టెంబరు 15

అవురోరా మొక్కలకి చెప్పేశాం. జాల్కా, నేనూ కలిసి వెళ్లాం. దారిలో నర్సరీ దాకా పోట్లాడుకున్నాం, స్తంభాల మధ్య ఎంత ఎడం ఉండాలని.

మా ఆయన మళ్లీ పైపు వెలిగించాడు. కంపు కొట్టడం లేదని మళ్లీ మెచ్చుకున్నాను. ఈసారి ఇద్దరం నవ్వుకున్నాం.

సెప్టెంబరు 28

హాప్స్ కొనే వ్యాపారి వచ్చాడు. గోల్డింగ్ అంటే ఎక్కడో కొన్న పొడి సరుకు, అనుమానం వచ్చి నాకు చూపించుకోవడానికి తెచ్చుకున్నాడు. ఊళ్లో సంగతి అతనికింకా చేరలేదు. పిడికిలి నా ముందు చాపాడు.

"మీరొక్కసారి చూడాలమ్మా. మీరేమంటే అది."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. నేనా పిడికిలి పట్టుకుని జాల్కా వైపు తిప్పాను.

"ఈ ఇంట్లో ముక్కు దానిది," అన్నాను.

అతను దాన్ని ఎగాదిగా చూశాడు. జాల్కా తొందరపడలేదు. నలిపింది, ఒకసారి పీల్చింది, చెయ్యి దులుపుకుంది, ఇంకో చిటికెడు వేసుకుని మళ్లీ నలిపింది.

"గోల్డింగే. మంచి సరుకే. కానీ ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువ పెట్టారు, అడుగున గడ్డి వాసన వస్తోంది. మొదటి ధరకి కొనకండి."

అతను నమ్మీ నమ్మనట్టు నా వైపు తిరిగాడు. "అంతేనంటారా, ఫానికగారూ?"

ఆ పిడికిట్లో ఏముందో నాకు తెలియదు. గడ్డి ఉందో, మట్టి ఉందో, మిరియం ఉందో.

"అంతే," అన్నాను. ఇంకొకరి మాట మీద అలా అనడం నాకిదే మొదలు. ఇంత గట్టిగా ఎప్పుడూ అనలేదు.